బాబాయి చేతిలోంచి జారిన హెల్మెట్

మోటార్ సైకిల్ మనుషులు ఒక ప్రత్యేకమైన జాతి. బండి కొన్న రోజు నుంచీ వాళ్ళకి ఇల్లు ఇరుకైపోతుంది, ఉద్యోగం గుదిబండ అయిపోతుంది, ఎక్కడో కొండల అవతలి నుంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నట్టు వినిపిస్తుంది. ఆ పిలుపు విన్నాక వాళ్ళు మొదట చేసే పని బయల్దేరడం కాదు, షాపింగ్. జాకెట్టు, గ్లవుజులు, బూట్లు, మోకాళ్ళకి చిప్పలు, వాన కోటు, ఆ వాన కోటు తడవకుండా పెట్టుకోవడానికి ఇంకో సంచీ. ఇవన్నీ సమకూరేసరికి సెలవులు అయిపోతాయి. ఈ జాతిని నమ్ముకుని బతికే ఇంకో చిన్న జాతి ఉంది. బాబాయి ఆ రెండో జాతికి చెందినవాడు.

బాబాయి అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. గడ్డాలు నెరిసిన మగాళ్ళు కూడా అతన్ని బాబాయ్ అనే పిలుస్తారు. షాపు వెనక గదిలో కుట్టుమిషను ముందు కూర్చునే అతని భార్య వాళ్ళందరికీ పిన్ని. తెగిన జిప్పులు మార్చడం, మోచేతుల దగ్గర పట్టీలు కుట్టడం ఆవిడ పని. కానీ నిజానికి సగం రోజు ఆవిడ చేసేది జాకెట్ల నడుము వదులు చెయ్యడమే. జాకెట్టు కొనేటప్పుడు ఉన్న పొట్ట వేరు, ప్రయాణం కుదిరేనాటికి ఉన్న పొట్ట వేరు. "ప్రపంచమంతా తిరుగుతామంటారు, ముందు కుర్చీలోంచి లేవరు" అని ఆవిడ దారం కొరుకుతూ గొణుక్కునేది.

షాపు టైర్ల కొట్టుకీ జిరాక్సు కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. లోపల సగం చోటు ఇంజను లేని ఒక పాత బండి ఆక్రమించింది. నిలబడ్డప్పుడు సరిపోయిన జాకెట్టు హ్యాండిల్ పట్టుకుని ముందుకి వంగితే సరిపోదు, చేతులు పైకి లాగేస్తాయి, వీపు బయటపడుతుంది. అందుకని బాబాయి ప్రతివాడినీ ఆ బండి ఎక్కించి, వంచి, భుజాలు తట్టి చూసి గానీ జాకెట్టు అమ్మడు. వచ్చినవాళ్ళకి ఇది మహా సరదా. బండి ఎక్కగానే పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళు కూడా నోటితో ఇంజను చప్పుడు చేస్తారు. ఫొటో దిగుతారు. ఏ సైజు సరిపోయిందో బాబాయి చేతే చెప్పించుకుని, అదే జాకెట్టుని ఫోన్లో చవగ్గా తెప్పించుకుంటారు.

బాబాయి కూడా ఒకప్పుడు తిరిగినవాడే. ఆ రోజుల్లో జాకెట్టు అంటే చొక్కా లోపల కుక్కుకున్న పాత న్యూస్‌పేపరు. చలి దంచేస్తుంటే పళ్ళు టకటకలాడించుకుంటూ ఘాట్ రోడ్లు ఎక్కేవాడు. ఒకసారి మలుపులో కంకర మీద బండి జారింది. ఎవరిదో అరువు తెచ్చుకున్న హెల్మెట్టు నెత్తిన ఉండబట్టి, అది రాయికి కొట్టుకుని చీలింది గానీ తల చీలలేదు. రోడ్డు పక్కన కూర్చుని ఆ చీలిక చూస్తూ అతను చాలాసేపు వణికాడు. చలికి కాదు, భయానికే. ఆ భయంతోనే తర్వాత ఈ షాపు పెట్టాడు. ఇప్పటికీ ఇంటి నుంచి షాపుకి, నడిచి వచ్చేంత దూరానికి కూడా, భార్యాభర్తలిద్దరూ జాకెట్లు, గ్లవుజులు, బూట్లతో సహా వస్తారు. వీధిలోకి కొత్తగా దిగినవాళ్ళు ఎక్కడో నిప్పంటుకుందని కంగారుపడతారు.

ఆ చీలిన హెల్మెట్టు దగ్గర మొదలై కాలక్రమంలో ఒక ఉపన్యాసం తయారైంది. "హెల్మెట్టు ఒక్కసారే చస్తుంది బాబూ. పైన గీత కూడా కనపడదు. లోపల ఈ మెత్తటి పొర ఉంది చూడు, అది నలిగి నీ తలకాయని కాపాడుతుంది. ఒక్కసారే నలుగుతుంది. ఆ నలగడమేదో నీ తల లోపల లేనప్పుడే అయిపోయిందనుకో, ఇంక నువ్వు పెట్టుకునేది హెల్మెట్టు కాదు, రంగు డబ్బా." ఇది అక్షరాలా నిజం. నిజం కాబట్టే వ్యాపారానికి కూడా బాగా పనికొచ్చింది. చేతిలోంచి జారవిడుచుకున్నవాళ్ళు పాత హెల్మెట్లు తెచ్చేవారు. బాబాయి వాటి మీద నల్ల రంగుతో అడ్డగీతలు గీసి గుమ్మం పైన వేలాడదీసేవాడు. వాళ్ళు తలవంచుకుని కొత్తది కొనుక్కుని వెళ్ళేవారు. పోగా పోగా భక్తి ముదిరిపోయింది. ఒకాయన హెల్మెట్టు సోఫా మీంచి తివాచీ మీదకి దొర్లిందని మొహం వేలాడేసుకుని వచ్చాడు. బాబాయి గంభీరంగా సోఫా ఎత్తు ఎంతో అడిగి, దానిమీద కూడా అడ్డగీత గీశాడు.

"తివాచీ మీద పడితే కూడానా?" అంది పిన్ని లోపలి నుంచి.

"అనుమానం వచ్చాక మార్చాల్సిందే."

"అనుమానం ఆయనకొచ్చిందా, మీరు తెప్పించారా?"

జారవిడుచుకున్నవాళ్ళని బాబాయి ఊరికే వదిలేవాడు కాదు. చేతులకి వెన్న రాసుకున్నావా అనేవాడు, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకోవాలనేవాడు, నలుగురి ముందూ తీసిపారేసేవాడు. అలాంటి బాబాయి చేతిలోంచే ఒకరోజు హెల్మెట్టు జారింది.

ఉదయం షాపు తెరిచి, స్టూలెక్కి పై అరలో దుమ్ము దులుపుతున్నాడు. చేతిలో నారింజ రంగు హెల్మెట్టు, షాపులో ఉన్నవాటిలో ఖరీదైనది, ఆ రంగులో చివరిది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. "బాబాయ్, నిన్న నీ దగ్గర వేసి చూశానే జాకెట్టు, దాని నంబరెంత? ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడుతున్నా" అన్నాడు అవతలివాడు. బాబాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. రెండు చేతులా తిట్టడం అతనికి అలవాటు. ఫోను ఒక చేతిలో ఉంది. రెండో చేతిలో ఉన్నది ఏమిటో ఒక్క క్షణం మర్చిపోయాడు.

హెల్మెట్టు తిన్నగా వెళ్ళి ఇంజను లేని బండి ఇనప ఫుట్‌రెస్టు అంచుకి కొట్టుకుంది. ఠంగుమని ఒకే చప్పుడు.

"ఏంటది?" అంది పిన్ని.

"ఏం లేదు. డబ్బా."

దిగి తీసి చూశాడు. పైన చిన్న గీత కూడా లేదు. లోపలి గుడ్డ తొలగించి బొటనవేలితో నెమ్మదిగా నొక్కుకుంటూ వచ్చాడు. వెనక భాగంలో ఒకచోట వేలు లోపలికి దిగింది. రూపాయి బిళ్ళంత గుంట. అది చచ్చిపోయిన హెల్మెట్టని అతనికంటే బాగా తెలిసినవాడు ఈ భూమ్మీద లేడు. నల్ల రంగు డబ్బా కోసం చెయ్యి చాచాడు కూడా. అంతలో గుమ్మంలోంచి పళ్ళ డాక్టర్ ఊడిపడ్డాడు, వెనకాల ఇద్దరు స్నేహితులతో.

పళ్ళ డాక్టర్ గురించి కొంచెం చెప్పుకోవాలి. ఆయన దగ్గర లేని సామాను లేదు. ఆయన బండికి నీళ్ళలో మునిగినా వెలిగే లైట్లున్నాయి, ఎడారిలో టెంటు వేసుకునే సదుపాయం ఉంది. ఇంతకాలం ఆ బండి మీద ఆయన వెళ్ళిన అతి పెద్ద దూరం ఊరి చివరి టీ కొట్టు. అలాంటి మనిషికి ఈసారి నిజంగానే సెలవు దొరికింది, భార్య సరేనంది, ఆదివారం పొద్దున్న మిత్రబృందంతో కొండలకి బయల్దేరుతున్నాడు. బండి నారింజ, జాకెట్టు నారింజ. హెల్మెట్టు ఒక్కటే తక్కువ.

"అదిగో! నాకోసమే చేతిలో పట్టుకుని నిలబడ్డావా బాబాయ్!" అని లాక్కుని నెత్తిన పెట్టేసుకున్నాడు. అద్దంలో చూసుకుని మురిసిపోయాడు. "చూశార్రా, ఆన్‌లైన్‌లో కొంటే ఎక్కడెక్కడ ఎన్నిసార్లు పడేస్తారో ఏం తెలుసు? అదే బాబాయ్ చేతి మీదుగా తీసుకుంటే ఆ బెంగే లేదు. ఈయన జన్మలో ఒక్క హెల్మెట్టు కింద పడేసి ఎరగడు" అన్నాడు స్నేహితులతో.

పడిందండీ, నా చేతిలోంచే పడింది, అని అనడానికి ఎంతసేపు పడుతుంది? బాబాయి నోరు తెరిచాడు. సోఫా మనిషి మొహం గుర్తొచ్చింది. నలుగురి ముందూ తను తీసిపారేసిన వాళ్ళందరి మొహాలూ వరసగా గుర్తొచ్చాయి. నోరు మూశాడు. ఆ పైన వారం రోజులుగా ఒక్క గ్లవుజు కూడా అమ్ముడుపోలేదన్న సంగతి కూడా ఆ నోరు మూయడంలో ఎంతో కొంత సాయం చేసి ఉంటుంది. డాక్టర్ హెల్మెట్టు పట్టుకుని ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం క్యారేజీ విప్పుతూ పిన్ని తాపీగా అంది. "డబ్బా చప్పుడుకీ హెల్మెట్టు చప్పుడుకీ నాకు తేడా తెలీదనుకున్నారా? ఎవరికి అంటగట్టారు?"

బాబాయి చెప్పాడు. ఆవిడ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"ఆయన వెళ్తున్నది టీ కొట్టుకి కాదండీ. కొండల్లోకి."

ఆ మాటతో బాబాయికి కంకర మలుపులో చీలిన హెల్మెట్టు కళ్ళముందుకొచ్చింది. కాకపోతే ఈసారి లోపల పళ్ళ డాక్టర్ తల ఉంది. ఆయన ముగ్గురు పిల్లలు కూడా కనిపించారు. బాబాయి భయపడ్డాడు, తన కోసం కాకుండా ఇంకొకరి కోసం ఇంతగా భయపడటం అతనికి ఇదే మొదటిసారి.

నిజం చెప్పేస్తే సరిపోయేది. కానీ మర్యాదస్తులు నిజం దాకా వచ్చేముందు దారిలో ఉన్న అబద్ధాలన్నీ ఒకసారి వాడి చూస్తారు. బాబాయి డాక్టర్‌కి ఫోన్ చేశాడు. "డాక్టర్ గారూ, ఆ హెల్మెట్టు కంపెనీవాళ్ళు వెనక్కి పంపించమంటున్నారండీ. దానికంటే మంచిది ఇస్తాను."

"ఎందుకంటా?"

"అంటే... అది... ఊరికే."

ఊరికే అన్న మాట పని చెడగొట్టింది. వెనక్కి అడుగుతున్నారంటే అందులో ఏదో విశేషం ఉండి ఉండాలని డాక్టర్ బుర్రకి తట్టింది. సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపులో కథ పాకిపోయింది. ఆ రంగు ఇక తయారు చెయ్యరట. ప్రపంచంలో కొన్నే ఉన్నాయట. బాబాయి ఎవరో పెద్ద గిరాకీకి మాటిచ్చి ఇప్పుడు నాలిక కరుచుకుంటున్నాడట. ఒకాయన డాక్టర్‌కి రెట్టింపు ధర ఇస్తానన్నాడు. డాక్టర్ అమ్మనన్నాడు. చచ్చిపోయిన హెల్మెట్టుకి ఒక్క పూటలో అంత పరువు వచ్చింది.

ఇక లాభం లేదని బాబాయి మర్నాడు ముఖాముఖీ చెప్పేద్దామని ఆస్పత్రికి వెళ్ళాడు. అక్కడ ముందు గదిలో చీటీలు రాసే అమ్మాయి, "పంటి నొప్పి లేందే లోపలికి పంపం" అంది. నొప్పి ఉందన్నాడు బాబాయి. లోపల కుర్చీలో పడుకోబెట్టారు. హెల్మెట్టు మందుల బీరువా మీద, గుడ్డ పరిచి, అందరికీ కనపడేట్టు పెట్టి ఉంది.

"డాక్టర్ గారూ, మీకో మాట చెప్పాలి..."

"ముందు నోరు తెరువు బాబాయ్."

తెరిచిన నోట్లోకి డాక్టర్ అద్దం, పుల్ల, గొట్టం పెట్టాడు. పెట్టి, కొండల్లో ఎక్కడెక్కడ ఆగేదీ, ఏ లోయ పక్కన ఫొటో దిగేదీ మొదలెట్టాడు. పళ్ళ డాక్టర్లు మాట్లాడేటప్పుడు ఎదుటివాడికి జవాబు చెప్పే వీలుండదు, అందుకే వాళ్ళకి ప్రపంచం అంతా తమతో ఏకీభవిస్తున్నట్టు ఉంటుంది. నొప్పి ఊరికే కల్పించి చెప్పినా, వెతికితే పుచ్చిన దవడ పన్ను నిజంగానే దొరికింది. సూది పడింది. పన్ను ఊడింది. లేచి కూర్చునేసరికి బాబాయి నాలిక నాలికలా లేదు.

"హె... మె... ఫ... ఫడిం..." అన్నాడు, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా బీరువా వైపు చూపిస్తూ.

డాక్టర్ కరిగిపోయాడు. "నాకు తెలుసు బాబాయ్, క్షేమంగా వెళ్ళి రమ్మంటున్నావ్. పంటికి ఫీజు వద్దులే" అని భుజం తట్టి పంపించేశాడు.

ఇంటికొచ్చిన మొగుడి వాచిన చెంప చూసి పిన్ని ముక్కున వేలేసుకుంది. "హెల్మెట్టు తెస్తానని వెళ్ళి పన్ను ఇచ్చి వచ్చారా?"

ఆదివారం తెల్లవారగానే ఇద్దరూ తమ బండి మీద ఊరి బయట పెట్రోలు బంకుకి వెళ్ళారు. పిన్ని ఒళ్ళో సంచీ, సంచీలో షాపులోకెల్లా గట్టి హెల్మెట్టు. దాని రంగు మాత్రం బూడిద. బండ్లన్నీ బారులు తీరి ఉన్నాయి. పెళ్ళాలకి టాటాలు చెప్పడం, తాళ్ళు బిగించడం, వీడియోలు తియ్యడం జరుగుతున్నాయి. బాబాయి సరాసరి డాక్టర్ బండికి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు.

"డాక్టర్ గారూ, ఆ హెల్మెట్టు నా చేతిలోంచి కింద పడింది. ఇనుము మీద. లోపల నలిగింది. తెలిసే మీకు అమ్మాను. తప్పయింది. ఇది తీసుకోండి" అన్నాడు, అందరికీ వినపడేట్టు. ఇప్పుడు అందరూ తనని తీసిపారేస్తారని తలవంచుకుని నిలబడ్డాడు.

అందరూ నవ్వారు.

"నీ చేతిలోంచా? నువ్వా?" అన్నాడు సోఫా మనిషి.

"మొన్న కంపెనీవాళ్ళన్నావ్, ఇవాళ కింద పడిందంటావ్" అన్నాడు డాక్టర్. "ఎవరికి మాటిచ్చావో చెప్పు బాబాయ్, ఏమనుకోను. కానీ హెల్మెట్టు ఇవ్వను."

"నిజమే బాబూ" అంది పిన్ని. "చప్పుడు నేను విన్నాను."

"పిన్ని కూడానా! ఇద్దరూ బాగా కూడబలుక్కుని వచ్చారే!"

ఇన్నేళ్ళూ సోఫా ఎత్తు గురించి చెప్పినా నమ్మిన జనం, జీవితంలో మొదటిసారి తన పరువు తనే తీసుకుంటుంటే నమ్మడం లేదు. డాక్టర్ బండి స్టార్టు చేసి, హెల్మెట్టు పెట్టుకోబోతూ రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. బాబాయికి ఇంకేం తోచలేదు. అది గుంజుకుని, తలపైకెత్తి, ఉన్న బలమంతా పెట్టి సిమెంటు నేల మీదకి విసిరి కొట్టాడు. అది ఎగిరి, మళ్ళీ పడి, దొర్లుకుంటూ పోయి గాలి మిషను దగ్గర ఆగింది.

ఎవరో, బహుశా అలవాటుకొద్దీ, "పోయింది. ఇంక అది రంగు డబ్బా" అన్నారు. మిగిలినవాళ్ళు తలలూపారు. పాఠం అందరికీ కంఠతా వచ్చు.

డాక్టర్ మొహం కందగడ్డ అయింది. కొట్టడానికి చెయ్యెత్తి, పెద్దవాడని దించేసి, నోటికొచ్చినట్టు తిట్టాడు. అసూయ అన్నాడు. మోకాళ్ళు పోయి తను వెళ్ళలేకపోతున్నాడు కాబట్టి ఎవర్నీ వెళ్ళనివ్వడన్నాడు. చివరికి వేరే గతిలేక బూడిద రంగుది పెట్టుకున్నాడు. నారింజ బండి మీద, నారింజ జాకెట్టులో, బూడిద రంగు తలతో, వెనక్కి తిరిగి కూడా చూడకుండా వెళ్ళిపోయాడు.

తిరిగి వస్తుంటే పిన్ని వెనక నుంచి అంది. "గుడ్డ తీసి ఆ గుంట మీద వేలు పెట్టించి ఉంటే సరిపోయేది కదా. ఇప్పుడది పచ్చడి చేశాక, ఏ గుంట ఎప్పటిదో ఎవడు నమ్ముతాడు?"

బాబాయి బండి పక్కకి తీసి ఆపాడు. ఆ ఆలోచన అతనికి నిజంగానే రాలేదు. హ్యాండిల్ మీద తల ఆనించాడు. ఆవిడ గ్లవుజు తియ్యకుండానే అతని వీపు నిమిరింది.

తర్వాత షాపుకి ఈగలు తప్ప ఎవరూ రాలేదు. గ్రూపులోంచి బాబాయిని తీసేశారు. మతి చలించిందని కొందరూ, వ్యాపారం దివాలా తీసిందని కొందరూ చెప్పుకున్నారు. బాబాయికి వాటిమీద ధ్యాస లేదు. పక్కనున్న టైర్ల కొట్టాయన ఇంకా ఆ గ్రూపులో ఉన్నాడు కాబట్టి రోజూ పొద్దునా సాయంత్రం వెళ్ళి ఆయన ఫోన్లో ఫొటోలు చూసేవాడు. ఏ ఫొటోలోనూ డాక్టర్ నెత్తిన హెల్మెట్టు లేదు. బూడిద రంగు నామోషీ అనిపించి దాన్ని వీపు వెనక దాచుకుంటున్నాడు. మొదటిరోజు అది చూసి బాబాయి కంగారుపడ్డాడు. తర్వాత ఫొటో పెద్దది చేసి, చేసి, డాక్టర్ జుట్టు చూశాడు. చెమటకి నెత్తికి అంటుకుపోయి, చెవుల దగ్గర గీత పడి ఉంది. పెట్టుకుంటున్నాడు. బాబాయి ఊపిరి పీల్చుకుని, టైర్ల కొట్టాయనకి టీ చెప్పాడు.

ఆ తర్వాత కొండల్లో సిగ్నల్ పోయి ఫొటోలు రావడం ఆగిపోయింది. ఇచ్చింది మంచి హెల్మెట్టే కదా అని పిన్ని ఎంత చెప్పినా, బాబాయి ఆ కొండల వైపు నుంచి వచ్చే ప్రతి వార్తా వెతికి చదివాడు.

ఒక మధ్యాహ్నం షాపు ముందు నారింజ రంగు బండి ఆగింది. దుమ్ము కొట్టుకుపోయి, ముక్కు మీద చర్మం ఊడిపోయి, పళ్ళ డాక్టర్ దిగాడు. చేతులు రెండు, కాళ్ళు రెండు, మెడ మీద తల సరిగ్గా ఉన్నచోటే ఉంది. తిన్నగా లోపలికొచ్చి బల్ల మీద చేత్తో కొట్టాడు.

"ఒక్కసారి కూడా పడలేదు బాబాయ్! అన్ని కొండలెక్కి దిగాను, గీత పడలేదు ఒంటి మీద! ఆ నారింజది పెట్టుకున్నా ఏమయ్యుండేది? ఏమీ అయ్యుండేది కాదు! నా ఫొటోలన్నీ తగలబెట్టావ్! జన్మకోసారి వెళ్ళాను, జన్మంతా చూసుకోవాల్సిన ఫొటోలు!"

"నిజంగానే కింద పడిందండీ" అన్నాడు బాబాయి.

"ఇంకా అదే మాటా!"

డాక్టర్ మళ్ళీ అందుకున్నాడు. అసూయపరుడన్నాడు, ముసలి నక్క అన్నాడు, ఈ షాపు గుమ్మం ఇంక తొక్కనన్నాడు. బాబాయి ఆ మనిషిని పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ కళ్ళారా చూసుకుంటూ నిలబడ్డాడు. అతని కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు. డాక్టర్ దమ్ము తీసుకోవడానికి ఆగినప్పుడు, మూలనున్న స్టూలు తెచ్చి, తువ్వాలుతో తుడిచి ముందు వేశాడు.

"అలిసిపోయి వచ్చారు. కూర్చుని తిట్టండి డాక్టర్ గారూ" అన్నాడు.

లోపల కుట్టుమిషను ఆగింది. పిన్ని గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. డాక్టర్ అనుమానంగా ఇద్దరినీ చూసి, కూర్చుని, నీళ్ళన్నీ తాగి, మూతి తుడుచుకుని, తిట్లు మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాడు. బాబాయి బల్లకి అవతల గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఒక్క మాట కూడా పోనివ్వకుండా విన్నాడు.